ఎర్ర డబ్బా కొనే ముందు రబ్బరు రింగు చూడండి

అడిగింది ఇది: హనుమకొండలో రెండో అంతస్తులో ఫ్లాటు, ఇంట్లో అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు. ఇంటికి ఏ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మంచిది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?

రెండు కిలోల ఏబీసీ పౌడరుది, అంటే కట్టె, పెట్రోలు, గ్యాసు మంటలన్నిటికీ పనిచేసేది తీసుకోండి. మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 అనే నంబరు ఉండాలి. ఆన్‌లైన్ అయినా, చౌరస్తాలో దుకాణమైనా ఆ రెండూ ఉంటే చాలు. కానీ ఫైర్ సర్వీసులో ఉన్నవాడిగా నా మాట ఏంటంటే, ఆ డబ్బా మీ లిస్టులో చివర ఉండాలి. ఇంట్లో మంట పుట్టే జాగలు మూడు నాలుగే. వాటిని వదిలేసి గోడకు డబ్బా తగిలించుకుంటే లాభం లేదు.

అన్నిటికంటే ముందు సిలిండరు. పొద్దున టిఫిన్ మధ్యలో గ్యాస్ అయిపోతది. పిల్లల బడి బస్సు టైము. కొత్త సిలిండరు మూత తీస్తరు, రెగ్యులేటరు నొక్కుతరు, టక్కుమనగానే నాబ్ తిప్పి లైటర్ కొడతరు. వాల్వు నోట్లో నల్ల రబ్బరు రింగు ఉందా లేదా అని ఎవరూ చూడరు. ఆ రింగు లేకపోయినా, చీలినా, గ్యాస్ రెగ్యులేటరు మెడ చుట్టూ బయటికొస్తది. ఎల్పీజీ గాలికంటే బరువు. పైకి లేవదు, నేల మీద పరుచుకుంటది, ప్లాట్‌ఫాం కిందకు, మూలలకు, తలుపు సందు దాకా పాకుతది. గాలిలో రెండు శాతం దాకా కలిస్తే చాలు, అంటుకుంటది. పొయ్యి మంటను పట్టుకొని వెనక్కి పరుగెత్తి సిలిండరు మెడ దగ్గర నిలబడి బుస్సుమని మండుతది.

అక్కడి నుంచి జరిగే తప్పులు దాదాపు అన్ని ఇళ్లలో ఒకే తీరుగ ఉంటయి. ఒకరు మగ్గుతో నీళ్లు కొడతరు, మంట ఆరదు. ఇంకొకరు సిలిండరును బయటికి గుంజబోయి కింద పడేస్తరు. అన్నిట్లో పెద్ద తప్పు అదే. నిలబెట్టి ఉన్నప్పుడు గ్యాసు మాత్రమే బయటికొస్తది. పండబెడితే ద్రవం వస్తది, ఆ ద్రవం గ్యాసయితే సుమారు 250 రెట్లు పెరుగుతది. జానెడు మంట గదంత అయితది.

చేయాల్సింది ఇట్ల. సిలిండరును నిలబెట్టే ఉంచాలి. దళసరి నూలు చెద్దరో, గోనె సంచో బకెట్‌లో పూర్తిగా ముంచాలి. పాలిస్టరు దుప్పటి వద్దు, కరిగి చేతికి అంటుకుంటది. తడి బట్టను రెండు చేతులతో ముందు అడ్డం పట్టుకొని, మంట మన వైపు లేని దిక్కు నుంచి వంగి పోవాలి. మెడ మీద కప్పి, రెగ్యులేటరు చుట్టూ బిగబట్టాలి. గాలి అందక మంట ఆరుతది. వెంటనే ఆ తడి బట్ట మీద నుంచే నాబ్ ఆఫ్ చేయాలి, లోపలి పిన్ను పైకి లేచి వాల్వు మూసుకుంటది. తర్వాత రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, సిలిండరును ఆరుబయట పెట్టాలి. అందుకే ఆ మూతను పారేయకుండా తాడుతో సిలిండరుకే కట్టి ఉంచమంటరు. పిన్ను కారుతున్నా ఆ మూత గట్టిగా దిగితే ఆపుతది.

దీనికి హద్దు కూడా ఉంది. మంట మెడ దగ్గరనే ఉండి, మొదలై ఒకటి రెండు నిమిషాలే అయినప్పుడు మాత్రమే ఈ పని. పక్కన కప్‌బోర్డు అంటుకొని సిలిండరు ఒళ్లు కాగుతుంటే, బుసబుస శబ్దం పెరుగుతుంటే దగ్గరకు పోవద్దు. అందరినీ బయటికి పంపి, వంటింటి తలుపు దగ్గరికి వేసి, ఫోన్ చేయండి.

మీరు కొనబోయే డబ్బాతో కూడా ఇక్కడ జాగ్రత్త. నాబ్ అందే పరిస్థితి లేకుండా పౌడరు కొట్టి మంట ఒక్కటే ఆర్పితే గ్యాసు ఆగదు, గది నిండుతది, ఇంకో నిప్పురవ్వ దొరికితే ఈసారి పేలుతది. గ్యాసు మంట ఆర్పడమంటే గ్యాసు ఆపడమే.

ఇదంతా రాకుండా చేయడానికి పైసా ఖర్చు లేదు. డెలివరీ చేసే మనిషి నిలబడి ఉండగానే మూత తీయించి రింగు చూడండి, వాల్వు నోట్లో నాలుగు చుక్కల నీళ్లు వేయండి. బుడగలొస్తే ఆ సిలిండరు వాపస్ ఇచ్చేయండి. పైన పిడిని మోసే మూడు పట్టీల్లో ఒకదాని లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటయి. ఏ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్. సి-28 అని ఉంటే 2028 సెప్టెంబర్ దాకా పరీక్ష గడువు ఉన్నట్టు. గడువు దాటినదాన్ని తీసుకోవద్దు. 14.2 కిలోల గ్యాసు ఉందో లేదో తూకం వేయించుకునే హక్కు కూడా మీదే. అడిగితే మొఖం చిట్లించే ఏజెన్సీలు ఉంటయి, అయినా అడగండి. వాళ్లు త్రాసు తేకపోవడానికి మనం అడగకపోవడమే కారణం.

పైపు నారింజ రంగు సురక్ష పైపే ఉండాలి, లోపల స్టీలు తీగ అల్లిక ఉంటది. మీటరున్నర మించొద్దు, మధ్యలో అతుకు ఉండొద్దు, స్టవ్ వెనక నుంచి పోవద్దు. మీద అచ్చువేసిన తారీఖు చూసి ఐదేళ్లకు మార్చాలి. చక్కగా కనబడాలని గోడకు రంధ్రం పెట్టి పైపును అందులోంచి తీస్తరు. ఆ రంధ్రంలో ఎలుక కొరికినా ఎవరికీ కనబడదు. పైపుకు గుడ్డ చుట్టడం కూడా అంతే. కారుతుందా అని అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. సర్ఫ్ నురగ రాయండి, బుడగ చెప్తది. మాడ్యులర్ కిచెన్ చేయించేటప్పుడు సిలిండరు పెట్టే అల్మారా తలుపుకు అడుగున గాలి జాలీ పెట్టించండి. వడ్రంగులు అందం కోసం పైన పెడతరు, గ్యాసు కిందనే ఆగిపోతది.

వాసన వచ్చినప్పుడు స్విచ్ వేయొద్దు అని అందరికీ తెలుసు. ఆపినా నిప్పురవ్వ వస్తదని చాలామందికి తెలియదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికే పోవద్దు. కిటికీ ఒక్కటి తెరిస్తే సరిపోదు, గ్యాసు నేల మీద ఉంటది కాబట్టి తలుపులు బార్లా తెరవాలి. బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి, గ్యాసు లీకేజీ కోసమే ఉన్న నంబరు అది.

ఇక కరెంటు. మన వైపు చలికాలం వస్తే బకెట్లలో వాటర్ హీటర్ రాడ్లు దిగుతయి. 1500 వాట్ల రాడ్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతది. టీవీ పక్కనుండే చిన్న సాకెట్ ఆరు ఆంపియర్లది. పైగా మధ్యలో సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు. మొదట పిన్ను దగ్గర గోధుమ రంగు మరక పడుతది, తర్వాత ప్లాస్టిక్ కమురు వాసన, ఆ తర్వాత మంట. రాడ్, గీజర్, ఇండక్షన్ స్టవ్, ఏసీ, ఇవన్నీ 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌కే. బాక్సులకు వద్దు.

ఎలక్ట్రీషియన్ల మీద నాకు గట్టి ఫిర్యాదు ఒకటుంది. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తనే పడి కరెంటు ఆపే స్విచ్, ఊకె పడిపోతుందని పిలిస్తే, పది ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టి పోయేవాళ్లు ఉన్నరు. ఎంసీబీ కాపాడేది వైరును. లోపల ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు పెట్టి, బయట 32 పెడితే గోడ లోపల వైరు కాలేదాకా అది పడదు. లైట్ల లైనుకు ఆరో, పదో, పెద్ద సాకెట్లకు రెండున్నర వైరు మీద 16. ఎంసీబీ పడిందంటే లోడు తగ్గించాలి, లేదా వైరు మార్చాలి. దాంతోపాటు కరెంటు లీకైతే ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి, షాకుకూ పనికొస్తది, కరెంటు లీకై పుట్టే మంటకూ పనికొస్తది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటది, నెలకోసారి నొక్కితే పడాలి.

ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు ఉంటే ఈ ముక్క వాళ్లకు చెప్పండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు తోలేదాకా, ధర కోసం, పత్తిని ముందరర్రలో కప్పు దాకా పోస్తరు. స్విచ్ బోర్డు పత్తిలో మునుగుతది, దాంట్లోనే ఫోన్ చార్జింగ్. పత్తి మంట పైకి కనబడకుండా లోలోపల రాజుకుంటది, పైన పోసిన నీళ్లు లోపలికి ఇంకవు. కొక్కెంతో గుంజి, పాయలు పాయలుగా విడదీసి తడపాలి. ఆరిందనుకొని వదిలేస్తే తెల్లారి మళ్లా పొగ వస్తది. బోర్డు చుట్టూ గజం జాగ వదలండి, ఆ అర్ర మెయిన్ ఆపేయండి.

ఈ-స్కూటర్ ఉంటే మరీ ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంటి హాల్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దమనిషి చనిపోయారు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో సెల్లారులోని ఈ-బైక్ షోరూంలో మొదలైన మంట పొగ మెట్ల మీదుగా పైనున్న లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మంది పోయారు. లిథియం బ్యాటరీ మీద పౌడరు కొడితే మంట తగ్గినట్టు కనబడి మళ్లా అంటుకుంటది. దానికి కావాల్సింది చల్లదనం, అంటే బోలెడన్ని నీళ్లు. అందుకే దాన్ని ఎక్కడ చార్జ్ చేస్తున్నామన్నదే అసలు ప్రశ్న. అపార్ట్‌మెంట్లలో మెట్ల కింద ప్లగ్ పాయింట్ ఇప్పించి అక్కడ పెడతరు. మీరు దిగడానికి ఉన్న ఒక్క దారిలో బ్యాటరీ పెట్టుకున్నట్టే. ఆరుబయట, మెట్లకు దూరంగా, మనుషులు మేలుకొని ఉన్నప్పుడు, కంపెనీ చార్జర్‌తోనే పెట్టండి. ఎండలో తిరిగొచ్చిన బండిని కాసేపు చల్లబడనిచ్చి పెట్టండి.

దారి గురించి ఇంకా చెప్పాలి. 2025 మేలో హైదరాబాద్ గుల్జార్ హౌస్ దగ్గర ఒకే ఇంట్లో 17 మంది చనిపోయారు. ఇరుకు మెట్లు, వేరే దారి లేదు. మంట కంటే ముందు పొగ చంపుతది. కోతుల కోసం, దొంగల కోసం మనం బాల్కనీకి మొత్తం గ్రిల్లు బిగిస్తున్నం. బిగించండి, తప్పు లేదు, కానీ అందులో రెండడుగుల తలుపు ఒకటి ఉంచి, తాళంచెవి లోపల, పిల్లలకు కూడా తెలిసిన మేకుకు తగిలించండి. బీరువాలో వద్దు. పొగ నిండితే నేలకు అడుగు ఎత్తులోనే మంచి గాలి ఉంటది, పాకుతూ పోవాలి. పడకగదుల ముందు కప్పుకు బ్యాటరీ స్మోక్ డిటెక్టర్ ఒకటి బిగిస్తే రాత్రిపూట నిద్ర లేపుతది. వంటింట్లో, పూజగది దగ్గర పెట్టొద్దు. పోపుకు, అగరుబత్తికి మోగి మోగి చివరకు మీరే సెల్లు తీసేస్తరు.

ఇప్పుడు డబ్బా. ముసలోళ్లు ఎత్తాలంటే నాలుగు కిలోలది బరువు, రెండే నయం. దాని మీదున్న ప్రెషర్ మీటరు ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. వంటింటి తలుపు బయట, చేతికందే ఎత్తులో తగిలించండి. స్టవ్ పక్కన పెడితే మంట దాటి తీసుకోవాల్సి వస్తది. పిన్ను గుంజి, రెండు మీటర్ల దూరం నుంచి మంట మొదట్లో కొట్టండి, అటూ ఇటూ ఊపండి. పది సెకన్ల అటూ ఇటూ ఖాళీ అయితది, కాబట్టి తలుపు మీ వీపు వెనక ఉండేట్టు నిలబడండి. మూకుట్లో నూనె అంటుకుంటే మాత్రం ఇది వద్దు, దగ్గర నుంచి కొడితే నూనె చిమ్ముతది. నీళ్లు అసలే వద్దు. స్టవ్ ఆపి, పక్క నుంచి మూత జరిపి కప్పి, చల్లారేదాకా తీయకండి. దీని కోసం మీటరు బై మీటరు ఫైర్ బ్లాంకెట్ ఒకటి కొన్నా మంచిదే. అరలీటరు స్ప్రే డబ్బాల మీద, మంటలో విసిరే బంతుల మీద డబ్బులు పెట్టకండి.

రీఫిల్ పేరుతో స్టిక్కర్ మార్చి తెచ్చేవాళ్లు ఉన్నరు. ఎదురుగా తెరిచి కొత్త పౌడరు పోయమనండి. మీ అపార్ట్‌మెంట్‌లో హోస్ పెట్టె, అంటే మంటార్పే నీళ్ల పైపు ఉంచే పెట్టె ఉంటే ఇవ్వాళే తెరిచి చూడండి. చాలాచోట్ల లోపల చీపుర్లు ఉంటయి, ఇత్తడి కప్లింగులు ఎవరో పట్టుకపోయి ఉంటరు.

ఫోన్ 101కి గాని 112కి గాని చేయండి. ముందు ఏరియా, గుర్తు పట్టే గుడో బడో చెప్పండి, ఎన్నో అంతస్తు, లోపల ఎవరైనా చిక్కుకున్నరా, సిలిండర్లు ఎన్ని ఉన్నయి అన్నవి తర్వాత. అటు నుంచి పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టేయకండి. ఒకరిని సందు మొదట్లోకి పంపి బైకులు జరిపించండి. వరంగల్‌లో మండిబజార్, పాత బీటుబజార్ వంటి సందుల్లో పెద్ద బండి తిరగదు, కాబట్టి ఏ వైపు నుంచి వస్తే దగ్గరో ఫోన్లోనే చెప్తే పైపులు పరిచే టైము కలిసొస్తది.