ఈ.కోలైలో చేసిన పాలిమర్‌తో కరిగిపోయే కుట్ల దారం: వైజాగ్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌గా అవుతుందా?

జన్యువులు మార్చిన ఈ.కోలై బ్యాక్టీరియాలో పీహెచ్‌బీ (కొన్ని బ్యాక్టీరియాలు తమలో దాచుకునే ప్లాస్టిక్ లాంటి పాలిమర్) తయారు చేసి, ఆపరేషన్ కుట్లకు కరిగిపోయే దారంగా పనికొస్తుందేమో చూడాలనుకుంటున్నాను, ఒక సెమిస్టర్‌లో అవుతుందా అని అడిగారు. పాలిమర్ అనగానే ఇంట్లో భయపడుతున్నారని కూడా రాశారు. నేను ఈ ఊళ్లోనే పీహెచ్‌బీ మీద పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో ప్యూరిఫికేషన్ చూస్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఇంట్లోవాళ్ల సంగతి. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. 2020 మే 7 తెల్లవారుజాము గుర్తున్నవాళ్లెవరికైనా ఆ మాట వింటే గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ రోజు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకై ఊరి మీదకి వచ్చింది స్టైరీన్, ట్యాంకులో నిల్వ ఉన్న పెట్రో రసాయనం. మీ పాలిమర్ గ్లూకోజ్ కలిపిన నీళ్లలో, 37 డిగ్రీల దగ్గర, బ్యాక్టీరియా కణం లోపలే తయారవుతుంది. ఈ విషయం వాళ్లకి కూర్చోబెట్టి చెప్పండి. మీరు జాగ్రత్త పడాల్సింది క్లోరోఫామ్‌తో పాలిమర్‌ని బయటికి తీసేటప్పుడు. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే అర) సరిగ్గా పనిచేయని ల్యాబ్‌లో ఆ పని చేయనని మీ గైడ్‌కి గట్టిగా చెప్పండి.

ఇక పాలిమర్ వస్తుందా రాదా అని టెన్షన్ పడకండి, వస్తుంది. 1926లోనే ఫ్రాన్స్‌లో మారిస్ లెమోయిన్ దీన్ని బాసిల్లస్ మెగాటీరియంలో గుర్తించాడు. కార్బన్ పుష్కలంగా ఉండి నత్రజనికో ఫాస్ఫరస్‌కో కరువొచ్చినప్పుడు, పంట బాగా పండిన ఏడాది రైతు గాదె నింపుకున్నట్టు, కొన్ని బ్యాక్టీరియాలు దీన్ని గుళికలుగా దాచుకుంటాయి. కుప్రియావిడస్ నెకాటర్ అయితే తన ఎండు బరువులో 80 శాతం దాకా దాస్తుంది. పీహెచ్‌బీ తయారుచేసే దాని మూడు జన్యువుల్ని ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం) మీద పెట్టి ఈ.కోలైలోకి పంపితే అదీ దాచడం మొదలుపెడుతుంది, పైగా దాచినదాన్ని మళ్లీ తినేసే ఎంజైమ్ దానికి లేదు కాబట్టి మనకి లాభమే. నైల్ రెడ్ అనే రంగు కలిపిన ప్లేట్ మీద ఆ కాలనీలు యూవీ వెలుతురులో నారింజ రంగులో మెరుస్తాయి, ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

అయితే కుట్ల దారానికి పీహెచ్‌బీ పనికిరాదు, పెళుసుగా ఉంటుంది, ముడి వేస్తే నిలవదు. 2007లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన దారం దీని చుట్టం పీ4హెచ్‌బీతో చేసింది, టెఫా అనే కంపెనీది. అది కూడా జన్యువులు మార్చిన ఈ.కోలైలోనే తయారవుతుంది, బాగా సాగుతుంది, ఒంట్లో ఏడాది, ఏడాదిన్నరలో కరిగిపోతుంది. కరిగి మిగిలే పదార్థం కొద్ది మోతాదులో మన ఒంట్లో సహజంగా ఉండేదే.

మీరు నిజంగా టైమ్ పెట్టాల్సింది ఎండోటాక్సిన్ మీద. ఈ.కోలై బయటి పొరలో లిపోపాలిసాకరైడ్ ఉంటుంది, ఎండోటాక్సిన్ అంటే అదే, అది రక్తంలోకి చేరితే చలిజ్వరం, బీపీ పడిపోవడం, ఎక్కువైతే షాక్. చాలామంది స్టూడెంట్లు "ఆటోక్లేవ్ చేశాం కదా సార్" అంటారు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి బ్యాక్టీరియా చస్తుంది గానీ ఎండోటాక్సిన్ పోదు. గాజు సామానునైతే 250 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి వదిలించొచ్చు, పాలిమర్‌ని అలా కాల్చలేం కదా, పీ4హెచ్‌బీ సుమారు 60 డిగ్రీలకే కరిగిపోతుంది. పైగా ఎండోటాక్సిన్ అణువుకి ఒక పక్క కొవ్వు ఉంటుంది కాబట్టి పాలిమర్‌ని అంటిపెట్టుకుని క్లోరోఫామ్‌లోకి దాంతోపాటే వచ్చేస్తుంది. మా ల్యాబ్‌లో మొదట్లో తీసిన ఫిల్మ్ చూడ్డానికి తెల్లగా, ఎంతో శుభ్రంగా ఉండేది, ఎండోటాక్సిన్ టెస్ట్ పెడితే ఎంత పలచన చేసినా పాజిటివే. కణాల్ని ముందే సోడియం హైడ్రాక్సైడ్‌తో అరిగించి, తర్వాత పాలిమర్‌ని కరిగించి, చల్లబరిచి మళ్లీ గడ్డకట్టించడం మొదలుపెట్టాకే అది దారికొచ్చింది. బ్లీచింగ్ ద్రావణం వాడమని కొందరు చెప్తారు, నేను వద్దంటాను, అది పాలిమర్ గొలుసుల్ని కూడా తెంపేస్తుంది.

ఒంట్లో పెట్టే పరికరాలకి సాధారణంగా పాటించే హద్దు ఒక్కోదానికి 20 ఎండోటాక్సిన్ యూనిట్లు, వెన్ను ద్రవాన్ని తాకేవాటికి 2.15. పరికరాన్ని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లని పరీక్షిస్తారు. కరిగిపోయే దారం విషయంలో నాకు ఇక్కడే అనుమానం: లోపల చిక్కుకున్న ఎండోటాక్సిన్ ఆ నీళ్లలోకి రాదు, నెలల తర్వాత దారం కరిగేకొద్దీ ఒంట్లోకి వస్తుంది. అందుకే పాలిమర్‌నే పూర్తిగా కరిగించి అందులోంచి నీటితో తీసి చూడాలి.

కాబట్టి మీ ప్రాజెక్ట్ ఇలా మార్చుకోండి: పీహెచ్‌బీనే తీసుకోండి, దారం ఆలోచన వదిలేయండి, మూడు రకాల ప్యూరిఫికేషన్ చేసి దేంట్లో ఎండోటాక్సిన్ ఎంత తగ్గిందో, పాలిమర్ గొలుసు ఎంత దెబ్బతిందో పోల్చండి. సెమిస్టర్‌లో అవుతుంది, ఇంటర్వ్యూలోనూ గట్టిగా మాట్లాడగలరు. ఎండోటాక్సిన్ ఉందో లేదో చూసే జెల్ క్లాట్ టెస్ట్‌కి పెద్ద మెషిన్ అక్కర్లేదు, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ట్యూబ్ తలకిందులు చేస్తే గడ్డ జారకుండా నిలిచిందా లేదా చూడటమే, నిలిస్తే ఎండోటాక్సిన్ ఉన్నట్టు. కిట్ ఖరీదు ఎక్కువ, క్లాస్‌లో ఇంకొకరితో కలిసి కొనండి. కాలేజీ బయోసేఫ్టీ కమిటీకి అప్లికేషన్ మాత్రం ఈ వారమే పెట్టేయండి, ఆ సంతకాలు వచ్చేదాకా ప్లాస్మిడ్ ముట్టుకోకండి.