దావా వేయడం, కేసు పెట్టడం: ప్రోనోటు బాకీకి ఏది?

చెన్నైలో తెలిసినవాళ్ళకు చేబదులిచ్చి ప్రోనోటు రాయించుకున్నారు, వాళ్ళు కట్టడం లేదు. దావా వెయ్యమని ఒకరు, పోలీసు కేసు పెట్టమని ఇంకొకరు అంటున్నారు. రెండూ ఒకటేనా, దావా ఏ భాష మాట అని అడిగారు.

ఒకటి కాదు. నాకు రావలసింది ఇప్పించమని సివిల్ కోర్టులో అడగడమే దావా. అరబీ మాట, ఫారసీలో నడిచిన ప్రభుత్వ కచేరీల మీదుగా మనకొచ్చింది. మూలార్థం కూడా హక్కు కోరడమే. ఫిర్యాదు ఫారసీ, అంటే మొర. ముద్దాయి కూడా దావా కుదురులోదే. అరబీలో దావా వేసినవాడు ముద్దాయి, తెలుగులో మాత్రం నేరం మోపబడ్డవాడు.

బాకీ ఎగ్గొట్టడం దానంతటదే నేరం కాదు. తీసుకునేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితేనే పోలీసు ఫిర్యాదు నిలుస్తుంది.

మీరు ముందు చూడాల్సింది నోటు మీది తేదీ. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు దావా గడువు ఆ తేదీ నుంచి 3 ఏళ్ళు, మీరు అడిగిన రోజు నుంచి కాదు. స్టేషన్ చుట్టూ తిరిగినా, లాయరు నోటీసు పంపినా గడువు ఆగదు. న్యాయమైన బాకీలు ఎన్నో మునిగిపోయేది ఇక్కడే, దయచేసి ఆలస్యం చేయకండి. గడువులోపు కొంత కడితే నోటు వెనక చెల్లు, అంటే ఇంత ముట్టిందన్న రాత, రాయించి, తేదీ వేయించి, కట్టినవాళ్ళ సంతకం తీసుకోండి. అక్కణ్ణించి మళ్ళీ 3 ఏళ్ళు. మీరే రాసుకున్న చెల్లు పనికిరాదు. నోటుకు రెవెన్యూ స్టాంపు లేకపోతే తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా లేదు.

దావా వేసేది చెన్నైలో పారీస్ కార్నర్ దగ్గర హైకోర్టు ఆవరణలోని సిటీ సివిల్ కోర్టులో. తమిళనాడులో కోర్టు ఫీజు 3 శాతం, అంటే 5 లక్షలకు 15,000. ప్రోనోటు ఉంది కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా, అంటే త్వరగా తేల్చే దావా, వెయ్యమని లాయరుకు చెప్పండి. సమన్లు అందిన 10 రోజుల్లో ప్రతివాది హాజరు కావాలి, కోర్టు అనుమతి లేకుండా వాదించుకోవడానికి లేదు. ఆర్డర్ 37 కింద వేస్తున్నట్టు దావా కాగితం మీదే రాసి ఉండాలి, సంతకం పెట్టేముందు చూసుకోండి. సమన్లు పంపడానికి కట్టాల్సిన రుసుము (బత్తా) మరిచినా దావా కొట్టేయవచ్చు.

డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, వచ్చినంతమాత్రాన డబ్బు రాదు, దాన్ని అమలు చేయించమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయాలి. దానికి 12 ఏళ్ళ గడువుంది. అవతలివాళ్ళ ఉద్యోగం, బ్యాంకు ఖాతా, ఆస్తి వివరాలు ఇప్పుడే సేకరించి పెట్టుకోండి.