సముద్రం పలచన చేయలేని రసాయనాలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటి సంచికలో పీసీబీలను రెండు వాక్యాల్లో తేల్చేశాం. అవి ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడి తర్వాత నిషేధించిన క్లోరిన్ రసాయనాలనీ, ఇప్పటికీ తిమింగలాల కొవ్వులో దొరుకుతున్నాయనీ చెప్పి ఊరుకోవడం చాలామందికి నచ్చలేదు. వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: సముద్రంలో అంత నీరుండగా, ఎక్కడో నేలమీద వాడిన రసాయనం అందులో కలిస్తే లేనట్టే అయిపోవాలి కదా. తిమింగలం శరీరంలో అది ప్రమాదకరమైన మోతాదుకు ఎలా చేరుతుంది?

జవాబు: మీ లెక్క ఉప్పుకు సరిపోతుంది, పీసీబీలకు సరిపోదు. నీటిలో కరిగే పదార్థం నీరు పెరిగేకొద్దీ పలచబడుతుంది. పీసీబీలు, డీడీటీ వంటివి నీటిలో దాదాపు కరగవు, కొవ్వులో మాత్రం సులువుగా కరుగుతాయి. కనుక సముద్రానికి చేరిన అణువు అడుగున ఉన్న బురద రేణువుకో, కంటికి కనిపించని ప్లవక జీవి ఒంట్లోని కొవ్వుకో అతుక్కుంటుంది. అందువల్ల ఇక్కడ చూడవలసింది సముద్రంలో నీరు ఎంత ఉందని కాదు, కొవ్వు ఎంత ఉందని. ఆ కొవ్వు అంతా ప్రాణుల ఒంట్లోనే ఉంది.

రెండో గుణం, అవి తేలికగా విరిగిపోకపోవడం. రెండు బెంజీన్ వలయాల చట్రం మీద క్లోరిన్ పరమాణువులు ఎన్ని, ఎక్కడెక్కడ కూర్చున్నాయన్నదాన్ని బట్టి పీసీబీలు 209 రకాలు. వేడికి చెడకపోవడం, నిప్పు అంటుకోకపోవడం, ఆమ్లాలకు లొంగకపోవడం చూసి ఇంజనీర్లు వాటిని ఎంతగానో మెచ్చుకున్నారు. 1929లో పరిశ్రమ స్థాయిలో తయారీ మొదలయ్యాక ప్రపంచం మొత్తం మీద పది లక్షల టన్నులకు పైగా తయారయ్యాయి. ఏ గుణం కోసం వాటిని కొన్నారో ఆ గుణమే వాటిని బ్యాక్టీరియాకు గానీ, ఎండకు గానీ, జంతువుల కాలేయానికి గానీ లొంగనివ్వలేదు.

ఈ రెండు గుణాలూ కలిశాక మిగతా పని ఆహార గొలుసు చేస్తుంది. ప్లవకాలను తిన్న చిన్న చేప ఆ ఆహారంలో చాలా భాగాన్ని ఊపిరికీ కదలికకూ ఖర్చు చేస్తుంది, రసాయనం మాత్రం ఖర్చు కాకుండా ఒంట్లోనే మిగిలిపోతుంది. అటువంటి చిన్న చేపలను వందలకొద్దీ తిన్న పెద్ద చేపలో, పెద్ద చేపలను ఏళ్ల తరబడి తిన్న సీల్‌లో, సీళ్లను తిన్న ఓర్కాలో (కిల్లర్ వేల్ అని పిలిచే వేట జంతువు) ఇదే మళ్లీ మళ్లీ జరుగుతుంది. పాఠ్యపుస్తకాల్లో జైవిక వృద్ధీకరణం అని చెప్పేది దీన్నే. క్రిల్ వంటి చిన్న జీవులతో కడుపు నింపుకునే నీలి తిమింగలం ఎంత పెద్దదైనా ఈ గొలుసులో కింది మెట్టు మీదే ఉంటుంది, కాబట్టి దాని కొవ్వులో పీసీబీలు ఓర్కా కొవ్వులో ఉన్నన్ని ఉండవు. శరీరం పరిమాణం కన్నా ఏం తింటుందన్నదే ముఖ్యం.

అయితే పెద్ద చేపలూ పై మెట్టు మీదే ఉన్నాయి, వాటికన్నా క్షీరదాలకే ఈ బెడద ఎందుకు ఎక్కువ? చేప మొప్పల గుండా నీటితో నిరంతరం పదార్థాలను మార్చుకుంటుంది, అందువల్ల ఒంట్లో చేరిన రసాయనంలో కొంత తిరిగి నీటిలోకి పోతుంది. ఊపిరితిత్తులతో గాలి పీల్చే తిమింగలానికి ఆ దారి లేదు. పైగా చలి నుంచి కాపాడే మందమైన కొవ్వు పొర దాని చర్మం కింద ఉంటుంది, ఆయుర్దాయం దశాబ్దాల్లో ఉంటుంది, అన్నిటికీ మించి పీసీబీలను విడగొట్టి బయటికి పంపే కాలేయపు ఎంజైములలో కొన్ని తిమింగలాల్లోనూ డాల్ఫిన్లలోనూ చాలా బలహీనంగా పనిచేస్తాయి. నేలమీది క్షీరదాలు వదిలించుకోగలిగిన రకాలు కూడా వీటి ఒంట్లో మిగిలిపోతాయి.

ప్రశ్న: మగ ఓర్కాలలో కాలుష్యం ఎక్కువ, ఆడ ఓర్కాలలో తక్కువ అని చదివాను. రెండూ ఒకే సముద్రంలో ఒకే ఆహారం తింటాయి కదా?

జవాబు: మీరు చదివింది నిజమే, కారణం మాత్రం మనసుకు కష్టం కలిగించేది. ఆడది తన రసాయనాలను పాల ద్వారా పిల్లకు ఇచ్చేస్తుంది.

తిమింగలాల పాలలో మూడో వంతు నుంచి సగం దాకా కొవ్వే ఉంటుంది. హుడెడ్ సీల్ అయితే అరవై శాతం కొవ్వున్న పాలతో కేవలం నాలుగు రోజుల్లో పిల్లను పెంచి వదిలేస్తుంది. ఇంత కొవ్వు అప్పటికప్పుడు ఆహారం నుంచి రాదు. తల్లి ఏళ్ల తరబడి చర్మం కింద దాచుకున్న నిల్వను కరిగించి పాలుగా మారుస్తుంది, ఆ కొవ్వులో కరిగి ఉన్న పీసీబీలూ దానితోపాటే బయలుదేరతాయి. కడుపులో ఉండగా మావి ద్వారా అందేది కొద్దిగానే, పాల ద్వారా అందేదే ఎక్కువ. తల్లి కూడబెట్టిన మొత్తంలో పెద్ద వాటా మొదటి కాన్పు పిల్లకే చేరుతుంది, తర్వాతి పిల్లలకు అంతకన్నా తక్కువ. పిల్ల ఒళ్లు చిన్నది, మెదడూ రోగనిరోధక వ్యవస్థా ఇంకా రూపుదిద్దుకుంటూ ఉంటాయి; సరిగ్గా ఆ దశలోనే జీవితంలోకెల్లా పెద్ద మోతాదు అందుతుంది.

కాబట్టి ఆడ ఓర్కాలో వయసు పెరిగేకొద్దీ రసాయనం ఒకే తీరుగా పెరగదు. మొదటి కాన్పు దాకా పెరిగి, పాలిచ్చే ఏళ్లలో తగ్గి, సంతానం ఆగిపోయాక మళ్లీ పెరుగుతుంది. ఆడ ఓర్కాలు సుమారు నలభై ఏళ్లకు సంతానోత్పత్తి ఆపి, ఆ తర్వాత కూడా దశాబ్దాలు జీవించే అరుదైన జంతువులు కనుక ఈ చివరి పెరుగుదల వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది. మగవాటికి వదిలించుకునే దారి లేదు, చచ్చేదాకా కూడబెడుతూనే ఉంటాయి.

ఆహారం తేడా ఎంత పనిచేస్తుందో కెనడా పశ్చిమ తీరంలో బ్రిటిష్ కొలంబియా ఓర్కాలపై 2000లో వచ్చిన అధ్యయనం చూపించింది. చేపలే తినే ఉత్తర రెసిడెంట్ గుంపు మగవాటిలో కిలో కొవ్వుకు సుమారు 37 మిల్లీగ్రాముల పీసీబీలు ఉండగా, సీళ్లనూ ఇతర సముద్ర క్షీరదాలనూ వేటాడే ట్రాన్సియెంట్ ఓర్కాల మగవాటిలో అది సుమారు 251. చేపలే తిన్నా పరిశ్రమలకు దగ్గరి జలాల్లో తిరిగే దక్షిణ రెసిడెంట్లలో సుమారు 146. ఆహార గొలుసులో మెట్టు ఒక కారణం, తిరిగే చోటు రెండో కారణమని ఈ మూడు అంకెలు చాలావరకు చెప్పేస్తాయి.

ప్రశ్న: రసాయనం ఉన్నంత మాత్రాన హాని జరిగినట్టు అవుతుందా? హాని జరిగిందని ఎలా నిరూపించారు?

జవాబు: మంచి ప్రశ్న, పత్రికల వార్తల్లో తరచుగా దాటేసేది కూడా. తిమింగలానికి విషం పెట్టి చూసే ప్రయోగం ఎవరూ చేయరు, చేయకూడదు. కనుక ఆధారాలు మూడు వైపుల నుంచి వచ్చాయి.

మొదటిది సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే సీళ్లు. 1970లలో బాల్టిక్ సముద్రంలో ఆడ సీళ్లు చూలు కట్టడం బాగా తగ్గింది. చనిపోయిన వాటిని కోసి చూస్తే చాలావాటి గర్భాశయ నాళాలు మూసుకుపోయి కనిపించాయి, అటువంటి వాటి కొవ్వులో పీసీబీలు ఎక్కువగా ఉన్నాయి. ఇది అనుమానాన్ని బలపరిచింది గానీ నిరూపణ కాదు, ఎందుకంటే అదే సముద్రంలో డీడీటీ సహా ఇతర రసాయనాలు కూడా ఉన్నాయి.

రెండోది ఆహార ప్రయోగాలు. నెదర్లాండ్స్‌లో హార్బర్ సీళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కలుషితమైన వాడెన్ సముద్రపు చేపలు, రెండో జట్టుకు అట్లాంటిక్ చేపలు పెట్టారు. మొదటి జట్టులో పిల్లలు స్పష్టంగా తక్కువ పుట్టాయని 1986లో ప్రకటించారు. 1990లలో అదే దేశంలో బాల్టిక్ హెర్రింగ్ తిన్న సీళ్లలో రోగనిరోధక కణాల పనితీరు తగ్గినట్టు తేలింది. ఆ చేపలు ప్రయోగం కోసం విషం కలిపినవి కావు, మనుషులు తినడానికి ఉద్దేశించి పట్టినవే. ఆ ఫలితంలో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే సంగతి అది. 1988లో ఉత్తర సముద్ర ప్రాంతంలో ఒక వైరస్ సోకి సుమారు 18,000 సీళ్లు చనిపోయాయి. చంపింది వైరసే, అయితే వాటి రోగనిరోధక శక్తిని కాలుష్యం ముందే దెబ్బతీసి ఉంటుందా అన్న సందేహానికి ఈ ప్రయోగాలు బలమిచ్చాయి.

మూడోది, కొట్టుకొచ్చిన కళేబరాల పరీక్ష. స్కాట్లండ్‌లోని టైరీ దీవికి 2016 జనవరిలో లులు అనే ఆడ ఓర్కా కళేబరం కొట్టుకొచ్చింది. దాని కిలో కొవ్వులో 957 మిల్లీగ్రాముల పీసీబీలు ఉన్నాయి. బాల్టిక్ సీళ్లలో సంతాన నష్టానికి హద్దుగా తీసుకునే 41 మిల్లీగ్రాములకు ఇది ఇరవై రెట్లకు మించినది. వయసు కనీసం ఇరవై ఏళ్లు ఉన్నా అది ఒక్కసారి కూడా ఈనలేదని అండాశయాల పరీక్ష చెప్పింది. అయితే దాని ప్రాణం తీసింది పీసీబీలు కావు, వేట బుట్టల తాళ్లలో చిక్కుకుని చనిపోయింది. పీసీబీలు ఒక జంతువును ఫలానా రోజున చంపాయని చూపడం ఎప్పుడో గానీ వీలు కాదు; అవి పుట్టవలసిన పిల్లలను పుట్టనివ్వవు. లులు గుంపులో 1990ల నుంచి గమనిస్తున్నా ఒక్క పిల్ల కూడా కనిపించలేదు, ఈ మధ్య కాలంలో చూసినవారికి రెండు ముసలి మగవే కనిపిస్తున్నాయి.

ప్రశ్న: ఒక తిమింగలం ఏ వయసులో ఎంత రసాయనం పోగుచేసుకుందో చెప్పగలరా?

జవాబు: చెవి గులిమితో చెప్పగలరు. పెద్ద తిమింగలాల చెవి గులిమి బయటికి రాదు, చెట్టు మానులోని వలయాల్లా ఆరేడు నెలలకొక పొర చొప్పున చెవి నాళంలోనే పేరుకుంటుంది. 2007లో కాలిఫోర్నియా తీరంలో ఓడ ఢీకొని చనిపోయిన పన్నెండేళ్ల మగ నీలి తిమింగలం చెవిలోంచి తీసిన సుమారు పాతిక సెంటీమీటర్ల గులిమిని పొరలవారీగా పరీక్షించి, ఆ ఫలితాలను 2013లో ప్రచురించారు. ఆ జంతువు జీవితం మొత్తంలో పోగైన, తేలికగా విరిగిపోని ఇటువంటి రసాయనాలలో సుమారు ఐదో వంతు మొదటి ఏడాదిలోనే, అంటే తల్లి నుంచే వచ్చిందని ఆ పొరలు చెప్పాయి. బతికున్న జంతువుల విషయంలో చిన్న బాణంతో చర్మం, కొవ్వు ముక్క తీసి పరీక్షిస్తారు.

ప్రశ్న: నిషేధించి ఇన్నేళ్లయినా ఇంకా ఎందుకు తగ్గలేదు?

జవాబు: అసలు తగ్గలేదనడం సరికాదు. స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు సోరెన్ యెన్సెన్ డీడీటీ కోసం వెతుకుతూ అనుకోకుండా చేపల్లోనూ గద్దల్లోనూ పీసీబీలను గుర్తించింది 1966లో; అమెరికా వాటి తయారీని ఆపింది 1979లో. ఆ తర్వాత బాల్టిక్‌లో మోతాదులు తగ్గాయి, ఆడ సీళ్ల గర్భాశయ సమస్యలు అరుదయ్యాయి, కొన్ని వేలకు పడిపోయిన బూడిదరంగు సీళ్లు మళ్లీ పదుల వేలయ్యాయి. ఓర్కాలకు ఆ అదృష్టం దక్కలేదు. అవి ఎక్కువ కాలం బతుకుతాయి, ఎన్నో ఏళ్లకొక పిల్లను కంటాయి, తల్లి వాటా పిల్లకు అందుతూనే ఉంటుంది. తయారీ ఆగినా పాత ట్రాన్స్‌ఫార్మర్లలో, కట్టడాల సందుల్లో నింపిన లప్పంలో, చెత్త గుట్టల్లో ఉన్న నిల్వ ఇంకా కారుతూనే ఉంది. 2004లో అమల్లోకి వచ్చిన స్టాక్‌హోమ్ ఒప్పందం ఇటువంటి పరికరాల వాడకాన్ని 2025 నాటికి ఆపాలనీ, వ్యర్థాలను 2028 నాటికి సురక్షితంగా వదిలించాలనీ గడువులు పెట్టింది. ప్రపంచంలోని ఓర్కా గుంపుల్లో సగానికి పైగా వందేళ్లలో పీసీబీల వల్లనే క్షీణించవచ్చని 2018లో ఒక అంచనా వెలువడింది. అది లెక్కల నమూనా మాత్రమే, కానీ దాన్ని కొట్టిపారేయడానికి నాకు కారణం కనిపించలేదు.

ప్రశ్న: పాదరసం కూడా ఇలాగే పాల ద్వారా పోతుందా? ఈ జంతువులను తినే మనుషుల మాటేమిటి?

జవాబు: పాదరసం ఆహార గొలుసులో పైకి పెరిగే తీరు ఇదే గానీ, అది కొవ్వులో కాక ప్రోటీన్లకు అంటుకుని కండరంలోనూ కాలేయంలోనూ చేరుతుంది. అందువల్ల పాల ద్వారా పోయేది తక్కువ, ఆడా మగా తేడా కూడా అంతగా ఉండదు.

మనుషుల విషయానికి వస్తే, 1980లలో ఎరిక్ డివైయీ అనే వైద్యుడు కెనడాలోని దక్షిణ క్యూబెక్ తల్లుల పాలలో కాలుష్యాన్ని కొలుస్తూ, పోల్చి చూడడానికి పరిశుభ్రమైన నమూనాలు కావాలని ఆర్కిటిక్‌లోని నునావిక్ ప్రాంతపు ఇన్యుట్ ఆదివాసీ తల్లుల పాలను తెప్పించారు. ఫ్యాక్టరీ అన్నదే లేని ఆ మంచుసీమ తల్లుల పాలలో పీసీబీలు దక్షిణాది తల్లుల పాలకన్నా ఐదు రెట్లు ఉన్నాయి. వెచ్చని చోట్ల ఆవిరై గాలిలో ఉత్తరానికి సాగి చలికి మళ్లీ నేలకు దిగే ఈ రసాయనాలు సీల్, బెలూగా అనే తెల్ల తిమింగలం కొవ్వుల గుండా వారికి చేరాయి. అయినా తల్లిపాలు మానమని అక్కడ ఎవరూ సలహా ఇవ్వలేదు, పాలవల్ల బిడ్డకు కలిగే మేలే ఎక్కువని తేల్చారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ తల్లుల ఒంట్లో పీసీబీలు బాగా తగ్గాయి.