వరంగల్‌లో కలర్ రేకుల యూనిట్‌కు హైస్పీడ్ మెషిన్ మంచిదా, ఫ్లెక్సిబుల్ మెషిన్ మంచిదా?

మీరు అడిగింది ఇది: హనుమకొండ దగ్గర కలర్ కోటెడ్ రేకుల యూనిట్ పెట్టబోతున్నారు. ఒక డీలరు నిమిషానికి 40 మీటర్లు తీసే హైస్పీడ్ మెషిన్ చూపించారు, దాంట్లో ఒకటే ప్రొఫైల్, అంటే రేకు మడతలకు ఒకటే ఆకారం. ఇంకొకరు చూపించింది నిమిషానికి 15 మీటర్లదే, కానీ ఒకే ఫ్రేము మీద పైన ఒక ప్రొఫైల్, కింద ఇంకో ప్రొఫైల్ వస్తాయి. రెండింట్లో ఏది?

నేను ముందు జీడిమెట్లలో హైస్పీడ్ లైన్ మీద పనిచేశాను. ఇప్పుడు మడికొండ వైపు ఒక చిన్న యూనిట్‌లో ప్రొడక్షన్ చూసుకుంటున్నాను. నా మాట అయితే, మన దగ్గర మొదటి మెషిన్‌గా హైస్పీడ్ వద్దు. రెండో డీలరు చూపించిన, రెండు ప్రొఫైల్స్ ఉన్న ఫ్లెక్సిబుల్ మెషిన్ తీసుకోండి, దాన్నే డబుల్ లేయర్ అంటారు. మిగిలే డబ్బు రేకు చుట్టను (కాయిల్‌ను) పట్టుకుని విప్పే డీకాయిలర్ మీద, క్రేన్ మీద పెట్టండి.

ముందు లెక్క చూద్దాం. 0.5 మి.మీ. మందం, 1220 మి.మీ. వెడల్పు ఉన్న కాయిల్ మీటరుకు సుమారు 4.8 కిలోలు తూగుతుంది. అంటే టన్నుకు 208 మీటర్ల దాకా వస్తుంది. కొత్త యూనిట్ రోజుకు 3 టన్నులు అమ్మిందంటే మంచి వ్యాపారమే. అది మొత్తం కలిపి 625 మీటర్లు. నిమిషానికి 15 మీటర్ల మెషిన్‌కు 42 నిమిషాల పని. అన్నీ 12 అడుగుల రేకులే అనుకుంటే 170 ముక్కలు. రేకు ఆగాక కట్ చేసే మామూలు మెషిన్‌లో ముక్కకు 4 సెకన్లు వేసుకున్నా ఇంకో 11 నిమిషాలు కలుస్తాయి. గంట కూడా పట్టలేదు. మరి మా షెడ్డులో పొద్దున మొదలైన పని చీకటి పడేదాకా ఎందుకు సాగుతుందంటే, టైమంతా వేరే చోట పోతుంది.

ఎక్కడ పోతుందో చెప్తాను. పరకాల నుంచి వెల్డింగ్ షాపు ఆయన ట్రాలీ ఆటో వేసుకుని వస్తాడు. జేబులోంచి పెళ్లి కార్డు తీస్తాడు, దాని వెనక రాసి ఉంటుంది: 13 ఫీట్లవి 14, తొమ్మిదిన్నరవి 14, 4 ఫీట్లవి 6, బ్రిక్ రెడ్. ఆయన రేకులకు తాడు కడుతుండగానే హసన్‌పర్తి నుంచి కోళ్ల ఫారం వాళ్లు దిగుతారు. వాళ్లకు బ్లూ కావాలి, అది కూడా 0.45 మందంలో. ఇక రెడ్ కాయిల్‌కు పట్టీ బిగించాలి, క్రేన్‌తో దించాలి, బ్లూ ఎక్కించాలి, కాయిల్‌ను లోపలి నుంచి పట్టుకునే ఇరుసు (మాండ్రెల్) బిగించాలి, షీటు కొనను గైడులోకి ఎక్కించి నిటారుగా పోతుందో లేదో చూడాలి. మందం మారింది కాబట్టి రోలర్ల మధ్య గ్యాప్ కూడా ఒకసారి చూసుకోవాలి. ఎంత చురుకైన కుర్రాళ్లున్నా దీనికి అరగంట దగ్గర దగ్గర పడుతుంది. ఆ అరగంటను 40 మీటర్ల స్పీడు ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, డీలర్లు దీన్ని చెప్పరు. మన కస్టమర్లు ఎక్కువగా మార్చేది రంగు, పొడవు. ప్రొఫైల్ అంతగా మార్చరు. అందుకే ఫ్లెక్సిబుల్ అనగానే అన్ని కష్టాలూ తీరిపోతాయని కూడా అనుకోవద్దు. రంగు మార్పుకు పనికొచ్చేవి రెండే: రెండు తలల డీకాయిలర్, మెషిన్ ముందు షీటును కోసే కత్తి, అంటే ఎంట్రీ షియర్. మొదటిది ఉంటే ఒక వైపు కాయిల్ నడుస్తుండగానే రెండో వైపు ఎక్కించి పెట్టుకోవచ్చు. రెండోది ఉంటే ఆర్డరులో ఆఖరి రేకుకు సరిపోయేంత లెక్క చూసి కాయిల్‌ను మెషిన్ బయటే కోసేయొచ్చు. లోపల ఉన్న తోక కూడా రేకుగానే బయటికొస్తుంది, స్క్రాప్ కిందికి పోదు. చిన్న ఆర్డర్లతో బతికే యూనిట్‌కు మార్జిన్ అంతా ఆ తోకల్లోనే ఉంటుంది.

డబుల్ లేయర్ ఎందుకంటే, షెడ్లకు మామూలు ట్రెపిజాయిడల్ (పైన చదునుగా ఉండే గట్ల) రేకు పోతుంది, ఇళ్ల ముందు పోర్టికోలకు, మేడ మీద పందిళ్లకు పెంకు మోడల్ అడుగుతారు. రెండోది లేకపోతే ఆ కస్టమర్ మొదటిది కూడా వేరే చోటే కొంటాడు. డబుల్ లేయర్‌లో రోలర్లు విప్పే పని లేదు, పై వరుస నుంచి కింది వరుసకు షీటు మార్చి ఎక్కిస్తే చాలు. రోలర్ సెట్ విప్పి మార్చే మెషిన్ అయితే ఆ రోజంతా పోయినట్టే.

వెడల్పు మార్చుకునే మెషిన్ గురించి కూడా ఎవరైనా చెప్పి ఉంటారు. అది సీ, జెడ్ ఆకారపు పర్లిన్లకు (రేకుల కింద అడ్డంగా వేసే స్టీలు దూలాలకు) చాలా మంచిది. రైస్ మిల్లులు, గోదాములు కట్టేవాళ్లు ఒకరు 150 మి.మీ. అడిగితే ఇంకొకరు 200 అడుగుతారు, ప్యానెల్‌లో సైజు కొడితే మెషిన్ తనే జరుపుకుంటుంది. కానీ పర్లిన్ 1.6 నుంచి 3 మి.మీ. మందం ఉండే సరుకు. 0.45 రేకు, 2 మి.మీ. పర్లిన్ ఒకే మెషిన్ మీద తీస్తుందని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. పర్లిన్ తర్వాత వేరే లైన్‌గా పెట్టుకోవచ్చు.

హైస్పీడ్ పనికిరాదని అనట్లేదు. జీడిమెట్లలో ఒకే రంగు, ఒకే పొడవు గంటల తరబడి నడిచేది. అక్కడ కటింగ్ కూడా పరుగులోనే జరుగుతుంది, షియర్ రేకుతో పాటు అదే స్పీడులో కదులుతూ కోస్తుంది. 12 అడుగుల రేకు ఐదారు సెకన్లకొకటి పడుతుంటే ఇద్దరు మనుషులు ఎత్తి పేర్చలేరు, రేకులను తనే పేర్చే ఆటో స్టాకర్ ఉండాల్సిందే. కరీంనగర్, జమ్మికుంట, మంచిర్యాల డీలర్లకు 8, 10, 12 అడుగుల స్టాకు లోడ్లకు లోడ్లు పంపే మాట ముందే ఖాయమై ఉంటే, అప్పుడు హైస్పీడ్ గురించి ఆలోచించండి. గీసుగొండ, సంగెం దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది కదా, పెద్ద షెడ్ల ఆర్డర్లు వస్తాయి అనే ఆశ మీద మాత్రం కొనొద్దు. అంత పెద్ద షెడ్లు ఎక్కువగా పీఈబీ కంపెనీల (ఫ్యాక్టరీలో భాగాలు చేసి సైటులో బిగించే స్టీలు షెడ్ల కంపెనీల) చేతిలో ఉంటాయి. వాళ్ల రేకు వాళ్ల ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, బాగా పొడవైన స్టాండింగ్ సీమ్ (అంచులు నిలబెట్టి కలిపి మడిచే రేకు) అయితే మెషిన్‌నే సైటుకు తెచ్చుకుంటారు.

రిపేరు టెన్షన్ కూడా లెక్కలో వేసుకోండి. చైను, బేరింగులు, హైడ్రాలిక్ సీళ్లు వరంగల్‌లో దొరుకుతాయి, మన లేత్ షాపుల వాళ్లు షాఫ్ట్ కూడా చేసిస్తారు. హైస్పీడ్ మెషిన్‌లో పరుగులోనే కోసే ఫ్లయింగ్ షియర్‌ను నడిపే సర్వో డ్రైవ్ పోతే బయటి నుంచి మనిషి రావాలి, పార్టు రావాలి. రేకులకు గిరాకీ ఉండేది ఎండాకాలంలో, వానలు పడేలోపు. గాలిదుమారం వచ్చి షెడ్లు లేచిపోయిన మర్నాడు మన గేటు ముందు బండ్లు నిలబడతాయి. ఆ వారంలో మెషిన్ ఆగిందంటే సంవత్సరం లాభం పోయినట్టే.

లోను పీఎంఈజీపీ (చిన్న యూనిట్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) కింద అయితే తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చు గరిష్ఠంగా 50 లక్షలే. మెషిన్‌కే అంతా పోస్తే కాయిల్స్‌కు ఏం మిగులుతుంది? ఆరు రంగులు, రెండు మందాలు పెట్టుకున్నా పన్నెండు కాయిల్స్. 5 టన్నుల చొప్పున 60 టన్నుల సరుకు. అందుకే చిన్న కాయిల్స్ అడగండి. కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు చూడండి: జింక్ పూత మీద రంగు వేసిందైతే ఐఎస్ 14246, అల్యూమినియం జింక్ పూతదైతే ఐఎస్ 15965.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ట్రయల్‌కు మీ కాయిల్ మీరే తీసుకెళ్లండి, 0.45 ఒకటి, 0.50 ఒకటి. వాళ్ల కాయిల్ మీద చూపించే ట్రయల్‌ను నమ్మొద్దు. 20 అడుగుల రేకులు పది తీయించండి. ఒక్కో రేకును నేల మీద పరిచి అంచు వెంట దారం లాగండి, వంపు ఉంటే కనిపిస్తుంది. తర్వాత ఒకదాని పక్కన ఒకటి అతుకు వేయండి. అతుకు మధ్యలో వేలిగోరు దూరితే వాన నీళ్లు కూడా దూరతాయి. మొదటి రేకును పదో రేకు మీద బోర్లించకుండా పెట్టండి, అచ్చంగా కూర్చోవాలి. కోసిన చోట అంచు విచ్చుకుందా, రంగు లేచిందా అని వేలితో తడిమి చూడండి. 0.45 బాగా వచ్చి 0.50కి రంగు మీద గీతలు పడుతుంటే, గ్యాప్ ఎలా మార్చాలో వాళ్ల ఆపరేటరు చేత మీ ముందే చేయించి, ఆ సెట్టింగులు రాయించుకోండి.