మీ లాబ్రడార్‌ను వృద్ధాశ్రమానికి తీసుకెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. వేళచ్చేరిలో మీ వీధి చివరి వృద్ధాశ్రమానికీ, దాని పక్కనున్న స్పెషల్ స్కూలుకీ మీ లాబ్రడార్‌ను తీసుకెళ్లాలని ఉందని రాశావు. తప్పకుండా చెయ్యి. కాకపోతే దానికి సర్వీస్ డాగ్ అని కోటు కుట్టిస్తానన్నావే, ఆ మాట మాత్రం మానుకో.

సర్వీస్ కుక్క ఒక్క మనిషి కోసం బతుకుతుంది. చూపు లేనివారిని రోడ్డు దాటిస్తుంది. చెవులు వినపడనివారి దగ్గరికొచ్చి కాలింగ్ బెల్ మోగిందని ముక్కుతో పొడిచి చెబుతుంది. వీల్‌చేర్‌లో ఉన్నవారి చేతిలోంచి జారిన తాళంచెవి తీసి ఇస్తుంది. యుద్ధంలో కళ్లు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఇలాంటి కుక్కలకు ఒక బడే పెట్టారు. యజమాని నడవమన్నా సరే, ఎదురుగా బండి వస్తుంటే కదలకుండా నిలబడటం సర్వీస్ కుక్కకు నేర్పాలి. ఏడాదిన్నర, రెండేళ్లు పట్టే చదువు అది. మొదలుపెట్టిన వాటిలో చాలా మధ్యలోనే ఆగిపోతాయి. ఆన్‌లైన్‌లో అమ్మే కోటూ కార్డూ కొంటే ఆ చదువు రాదు, డబ్బు దండగ.

నీ కుక్క చేయగలిగింది థెరపీ పని. నీతోపాటు వెళ్లి, కొత్తవాళ్ల మధ్య నెమ్మదిగా ఉండి, వాళ్లను తాకనివ్వడం. ఇలా కుక్కలను రోగుల దగ్గరికీ, పెద్దవాళ్ల దగ్గరికీ తీసుకెళ్లే డాక్టర్ డాగ్ పద్ధతి హాంకాంగ్‌లో 1991లో మొదలైంది, మీ చెన్నైలో దాన్ని బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్లు నడిపారు. వాళ్లది వేళచ్చేరే కాబట్టి ముందు అక్కడికి వెళ్లి కుక్కను చూపించి మాట్లాడు.

దానికి రెండేళ్లు నిండాయి కాబట్టి వయసు సరే. ఏడాది లోపు పిల్లను ఎవరూ తీసుకెళ్లకూడదు. స్వభావాన్ని ఇంట్లోనే పరీక్షించు. వెనకాల స్టీలు పళ్లెం కింద పడెయ్యి. ఉలిక్కిపడటం తప్పు కాదు, నాలుగైదు క్షణాల్లో తేరుకుని వాసన చూడటానికి వస్తే చాలు. మంచం కిందికి దూరితే ఈ పని దానికి వద్దు. చేతికర్ర పట్టుకుని తడబడుతూ నడిచి చూపించు. వాకర్ అద్దెకు తెచ్చి హాల్లో తిప్పు. పక్కింటావిడ చేతికి పట్టీ ఇచ్చి మూడు నిమిషాలు కనపడకుండా వెళ్లు, ఏడవకుండా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ‘వదిలెయ్’ అంటే వదిలెయ్యడం. వృద్ధాశ్రమాల్లో మంచాల కింద మాత్రలు రాలి ఉంటాయి. బీపీ మాత్ర, షుగర్ మాత్ర ఏది మింగినా ప్రమాదమే. మొదట పిడికిట్లో బిస్కెట్ పెట్టుకుని, తర్వాత నేలమీద, ఆ తర్వాత నడుస్తుండగా నేర్పు. పదిసార్లు చెబితే పదిసార్లూ ఆగేదాకా గడప దాటించకు. ముందుకాళ్లు ఎత్తి మీదికెక్కే అలవాటుంటే అదీ మాన్పించాలి. పెద్దవాళ్ల చర్మం కాగితంలా ఉంటుంది, రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న గీత పడినా నెత్తురు త్వరగా ఆగదు. అందుకే గోళ్లు కత్తిరించి, అంచులు అరగదీసి తీసుకెళ్లు.

ఆరోగ్యం సంగతి: రేబిస్ టీకా ఏటా, మిగతా టీకాలు డాక్టర్ చెప్పిన తేదీకి, నులిపురుగుల మందు మూడు నెలలకోసారి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీధుల్లో నీళ్లు నిలుస్తాయి, ఎలుకల మూత్రం కలిసిన ఆ నీళ్లలోంచే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఆ టీకా మర్చిపోకు. పిడుదులు చెవుల లోపలా, వేళ్ల సందుల్లోనూ దాక్కుంటాయి, ముందురోజు స్నానం చేయించేటప్పుడు వెతుకు. పచ్చిమాంసం పెట్టేవాళ్ల మాట వినకు. కుక్కకు ఏమీ కాకపోయినా దాని నోట్లోంచీ మలంలోంచీ సాల్మొనెల్లా అనే క్రిమి ముసలివాళ్లకు అంటుతుంది. కార్పొరేషన్ లైసెన్సు, టీకా కార్డు జెరాక్సు మేనేజర్‌కు ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి తీసుకో.

ఉదయం ఎనిమిదికి వెళ్లు. ఎండాకాలంలో అరచేతి వెనకవైపు తారుమీద ఏడు క్షణాలు పెట్టి చూడు, నీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదమూ ఓర్చుకోలేదు. మొదటిసారి అరగంట చాలు. అలవాటు పడ్డాక కూడా గంట దాటనివ్వకు.

లోపల ఎవరికి భయమో, ఎవరికి అలెర్జీనో, ఎవరికి మానని పుండ్లున్నాయో నర్సును ముందే అడుగు. మడి, ఆచారం వల్ల కుక్కను తాకనివారూ ఉంటారు, వాళ్లను బతిమాలకు. ఒప్పుకున్నవారి దగ్గరికి పక్కనుంచి వెళ్లి కూర్చోబెట్టు. పక్షవాతం వచ్చినవారైతే ఫిజియోథెరపిస్టును పక్కన ఉండమని, బలహీనపడ్డ చేతికి బ్రష్ ఇచ్చి దువ్వమను. రబ్బరు బంతి పిసకమంటే విసుక్కునేవారు కుక్కను మాత్రం ఇష్టంగా దువ్వుతారు, ఆ చేతికి కావలసిన కదలిక అదే. మతిమరుపున్నవారు తమ పళ్లెంలోది ముద్ద చేసి పెడతారు. పాయసంలో ఎండుద్రాక్ష, కూరలో ఉల్లిపాయ కుక్కకు విషం. వాళ్లకు ఇవ్వాలనిపిస్తే నీ సంచిలోని బిస్కెట్ వాళ్ల చేతికివ్వు.

స్కూల్లో పద్ధతి వేరు. ఆటిజం ఉన్న పిల్లలకు కుక్క ముఖం ఎదురుగా పెట్టకు. పడుకోబెట్టి, వీపు వైపు నుంచి మొదలుపెట్టు. నడిపించాలని ముచ్చటపడే పిల్లవాడికి రెండో పట్టీ ఇవ్వు, అసలు పట్టీ నీ చేతిలోనే ఉండాలి. బెల్లు కొట్టే వేళకు హాల్లో ఉండొద్దు.

ఇంతకీ అక్కడ నువ్వు చూడాల్సింది మనుషుల్ని కాదు, కుక్కని. అలసట లేకుండానే ఆవలించడం, తినడానికి ఏమీ లేకపోయినా పెదాలు నాకడం, తల అటు తిప్పేసుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించడం, తోక కాళ్లమధ్యకు పోవడం, చల్లగా ఉన్నా వగర్చడం. ‘ఎంత ఓపికో పాపం’ అని చుట్టూ మెచ్చుకునే సమయానికి చాలా కుక్కలు ఈ స్థితిలోనే ఉంటాయి. వీటిలో రెండు కనపడితే ఎవరు బాధపడినా సరే సెలవు తీసుకుని బయటికి వచ్చెయ్. గురగురమంటే తిట్టకు. అలా హెచ్చరించడం మాన్పించిన కుక్కే చెప్పకుండా కరుస్తుంది. దీపావళి చుట్టూ వారం రోజులు అసలు వెళ్లొద్దు.

ఎంత జాగ్రత్తపడినా పన్ను గానీ గోరు గానీ గీరుకుంటే, టీకా వేయించాం కదా అని సర్దిచెప్పకు. పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, అదేరోజు డాక్టర్‌కు చూపించమని మేనేజర్‌తో చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న