ఎండాకాలం రీసెర్చ్‌కి పోతానంటున్న మా అమ్మీకి

అమ్మీ,

పీహెచ్‌డీ దాకా చదువుతానని, అంతకు ముందే ఈ సెలవుల్లో రీసెర్చ్ చేస్తానని అన్నావంటూ నిన్న మీ నాయన ఫోన్ చేశాడు. సంతోషంతో సగం, భయంతో సగం రాత్రంతా నిద్ర పట్టలేదు.

మార్కుల లిస్టులు స్కాన్ చేసి పెట్టుకో. సిఫార్సు లేఖ ఇచ్చే సార్‌కి ముందే చెప్పు. ఆఖరి రోజు దాకా ఆగొద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే.

మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల ఫెలోషిప్‌లో మన తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ పరిశోధన ల్యాబ్, ఇంకోపక్క ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్, రెండూ వస్తే ఏది మేలని అడిగావట. నా సంగతి విను.

ఎమ్మెస్సీ సెలవుల్లో నన్నూ రెండు చోట్లకు రమ్మన్నారు. ఒకటి మాకు పాఠం చెప్పే మేడమ్ చిన్న ల్యాబ్. రెండోది దేశమంతా పేరున్న సంస్థ. పేరు చూసి పోయాను. అక్కడి ప్రొఫెసర్ మొదటిరోజు ఐదు నిమిషాలు మాట్లాడి, ఆ వారమే విదేశాలకు పోయాడు. నన్నొక మూల టేబుల్ దగ్గర కూర్చోబెట్టి చార్ట్ పేపర్ చుట్టలు ఇచ్చారు. గీత ఎక్కడెక్కడ పైకి లేచిందో స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో ఎక్కించాలి. ఆ గీత దేనిదో ఎవరూ చెప్పలేదు. తెలివితక్కువదని అనుకుంటారని నేనూ అడగలేదు. ఏడు వారాలు, అమ్మీ! రోజూ వేళకు పోయి, తలవంచుకుని కొలిచి వచ్చాను. చివర్లో ఇచ్చిన లేఖలో రెండే వాక్యాలు: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వచ్చింది, ప్రవర్తన బాగుంది. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "ఏం చేశావమ్మా?" అంటే చార్టులు కొలిచానన్నాను. "ఎందుకు?" అన్నారు. నోరు పెగల్లేదు. సీటు రాలేదు. పిల్లలకు పాఠాలు చెప్పడం నాకు ఇష్టమే గానీ, ఆ "ఎందుకు" ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే చెప్తున్నా, ఊరి పేరు చూడొద్దు, నీ పక్కన కూర్చునేది ఎవరో చూడు. రెండు చోట్లా గైడ్‌కి మెయిల్ పెట్టు. రోజూ నా పని చూసేది ఎవరు, ఆ రెండు నెలలూ మీరు ఊళ్లోనే ఉంటారా అని అడుగు. పోయినేడు వచ్చిన పిల్లలతో మాట్లాడు. నీకు మొహమాటం ఎక్కువ, నాకు దిగులంతా దాని గురించే.

ముంబై గైడ్ చక్కగా జవాబిస్తే ముంబైకే పో. మీ నాయనను నేను ఒప్పిస్తా. ఇంటికి దగ్గరని గాదంకి పోతానంటే మాత్రం ఊరుకోను. అక్కడ 1024 యాంటెన్నాలతో ఆకాశం వైపు చూసే రాడార్ ఉంది. మబ్బు లేకపోయినా పైన గాలి ఎటు కదులుతోందో పట్టుకుంటుంది. అది తెలుసుకోవాలని ఉంటే పో. 2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ నీళ్లయినప్పుడు మిద్దె మీద బకెట్ పెట్టి, గంటగంటకూ స్కేలుతో వాన కొలిచావు కదా. తడిసిపోతున్నావు, దిగి రావే అని ఎంత అరిచానో! ఎందుకు కొలుస్తున్నావో ఆ రోజు నీకు బాగా తెలుసు.

ఆదివారం రా. సంగటి, ఊరిబిండి చేసి పెడతా. తిని, ఇద్దరం కూర్చుని ఆ మెయిల్ రాద్దాం. వాన లెక్కలు రాసుకున్న నోట్‌బుక్ ఉంటే తీసుకురా.

మీ అత్త