పోయిన బేరానికి పరిహారం అడగొచ్చా?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉత్తర చెన్నై నుంచే వచ్చాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు మనలి పారిశ్రామిక ప్రాంతం నుంచి నూనె కొట్టుకొచ్చి బకింగ్‌హామ్ కాలువలో కలిసింది. అక్కణ్ణుంచి కొసస్థలైయారు నదిలోకి, ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. పడవలకీ వలలకీ పట్టిన నల్లటి జిడ్డు అందరం టీవీల్లో చూశాం. ఆ ఊళ్లో కొట్లూ మెస్సులూ పెట్టుకుని బతికేవాళ్ల సంగతి ఏమైందని అడిగినవాళ్లు మాత్రం తక్కువ. అందుకే ఈసారి స్థలమంతా వాళ్లకే.

ప్రశ్న: మేడమ్‌గారూ, మా సొంతూరు నెల్లూరు దగ్గర. ఎన్నూరులో చాలా ఏళ్లుగా చిన్న మెస్సు నడుపుతున్నాను. చేపల పులుసు భోజనానికే జనం వచ్చేవారు. నూనె వచ్చాక చేప అంటేనే వద్దన్నారు, తర్వాత మెస్సుకి రావడమే తగ్గించారు. అద్దె ఆగలేదు, వంటమనిషి జీతం ఆగలేదు, వడ్డీకి తెచ్చి కట్టాను. సర్కారు సాయం జాలర్ల కుటుంబాలకీ ఆ చుట్టుపక్కల ఇళ్లకీ వచ్చింది, అది న్యాయమే, నేను కాదనను. మా ఇల్లు తండయార్‌పేటలో, మెస్సు ఎన్నూరులో, అందుకని నా పేరు ఏ జాబితాలోనూ లేదు. నేను ఎవరిని అడగాలి? ఇప్పటికే ఆలస్యం అయిపోయిందా? – ఒక మెస్సు యజమాని, ఎన్నూరు

జవాబు: ఆలస్యం కాలేదండీ. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీరు అడగాల్సింది జాతీయ హరిత ట్రిబ్యునల్‌ని, అంటే పర్యావరణ కేసులు వినే ప్రత్యేక న్యాయస్థానాన్ని. 2010 నాటి దాని చట్టం ప్రకారం పరిహారం కోసం వేసే దరఖాస్తుకి, నష్టానికి కారణం మొదట ఏర్పడిన రోజు నుంచి ఐదేళ్ల గడువు ఉంది. నూనె పారింది 2023 డిసెంబర్ మొదటి వారంలో, అంటే 2028 డిసెంబర్ మొదటి వారం దాకా టైమ్ ఉన్నట్టే. సరైన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజులు ఇవ్వొచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు సాయం సంగతి. ప్రభుత్వం ప్రకటించింది 2,301 జాలరి కుటుంబాలకి తలా రూ.12,500, 787 పడవల మరమ్మతుకి రూ.10,000 చొప్పున, మరో 6,700 కుటుంబాలకి రూ.7,500 చొప్పున. మొత్తం కలిపితే రూ.8.68 కోట్లు. అది పొయ్యి ఆరిపోకుండా చేసే ఉపశమనం. ఎవరికి ఎంత పోయిందో లెక్క కట్టి ఇచ్చింది కాదు, అందరికీ ఒకే మొత్తం. మీకు అది రాలేదంటే బాధే, కానీ దాని వల్ల మీ పరిహారం హక్కు పోలేదు. అది వచ్చినవాళ్లకి కూడా పోలేదు. ఒకటే షరతు, వేరే చోట ఏదైనా సాయం అందితేనో, ఇంకెక్కడైనా దరఖాస్తు పెట్టి ఉంటేనో, ఆ మాట ట్రిబ్యునల్‌కి దాచకుండా చెప్పాలి.

ఆ చట్టం చివర రెండో షెడ్యూల్ ఉంది, ఏయే నష్టాలకి పరిహారం అడగొచ్చో చెప్పే జాబితా. మరణం, గాయం, వైద్యం ఖర్చు, ఆస్తి నష్టం, పంటలు, చేపలు, వీటితో పాటు వ్యాపారం పోవడం, ఉద్యోగం పోవడం కూడా అందులో స్పష్టంగా రాసి ఉంది. మన చిన్న వ్యాపారుల్లో చాలామందికి ఇది తెలియదు. పడవ ఉంటేనే, వల పాడైతేనే నష్టం అనుకుని వెనక్కి వెళ్లిపోతున్నారు. మీ గోడకి చుక్క నూనె అంటకపోయినా మీ బేరం పోయింది, చట్టం దాన్ని నష్టమనే అంటోంది.

ఇంకో మంచి విషయం, ఎదుటివాళ్లు, అంటే నూనె వదిలిన పరిశ్రమవాళ్లు, నిర్లక్ష్యం చేశారని మీరు నిరూపించక్కర్లేదు. తప్పు ఉన్నా లేకపోయినా బాధ్యత ఉంటుందన్న సూత్రాన్నే ట్రిబ్యునల్ పాటించాలని ఆ చట్టంలోనే ఉంది. ‘తుఫాను వచ్చింది, మేమేం చేస్తాం’ అనే వాదన వస్తుంది, తప్పకుండా వస్తుంది. 1985 డిసెంబర్‌లో ఢిల్లీలో ఓలియమ్ గ్యాస్ లీకైన కేసులో సుప్రీంకోర్టు ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాళ్ల బాధ్యతకి మినహాయింపులు లేవని తేల్చింది, దైవికం అనే సాకుకి కూడా. మీరు చూపించాల్సింది ఒక్కటే: నా నష్టం ఆ నూనె వల్లే వచ్చింది, ఇంత వచ్చింది.

అసలు కష్టం ఈ ‘ఇంత’ దగ్గరే ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. చాలామంది పోయిన అమ్మకం మొత్తాన్ని నష్టంగా రాసేస్తారు, అక్కడే కేసు బలహీనపడుతుంది. ఊరికే ఒక లెక్క అనుకుందాం. రోజుకి ఆరు వేల అమ్మకం ఉండేది, రెండు వేలకి పడిపోయింది. నాలుగు వేలు తగ్గింది, కానీ ఆ నాలుగు వేల భోజనాలకి మీరు చేప, బియ్యం, వంటనూనె, గ్యాస్ కొనలేదు కదా, దానికి రెండు వేల నాలుగు వందలు మిగిలాయనుకోండి, అప్పుడు మీ నిజమైన నష్టం రోజుకి పదహారు వందలు. అద్దె, జీతం, కరెంటు బిల్లులో తప్పని భాగం ఎలాగూ కట్టారు కాబట్టి వాటిని తీసేయకూడదు. వాటిని మళ్లీ విడిగా కలపకూడదు కూడా, ఈ పదహారు వందల్లోనే అవి ఉన్నాయి. వడ్డీకి తెచ్చిన అప్పుని వేరే పద్దుగా చూపించండి.

పోల్చేటప్పుడు మొన్నటి నెలతో పోల్చకండి, అంతకుముందు ఏడాది అదే నెలలతో పోల్చండి, అంటే 2023 డిసెంబర్‌ని 2022 డిసెంబర్‌తో, 2024 జనవరిని 2023 జనవరితో. మార్గశిరంలో, అయ్యప్ప మాలల రోజుల్లో చేపల అమ్మకం ఎలాగూ తగ్గుతుందని ఎదుటి వకీలు అడుగుతారు, ఇలా పోలిస్తే దానికి జవాబు మీ దగ్గరే ఉంటుంది. ఇంకోటి, తుఫాను రోజుల్లో ఊరంతా నీళ్లలో ఉంది, నూనె రాకపోయినా మీ మెస్సు మూతపడేదే. ఆ రోజుల్ని మీరే తీసేసి చూపించండి. నాలుగు రోజుల లెక్క వదులుకుంటే మిగిలిన నెలల లెక్కని నమ్ముతారు.

రుజువులు ఎక్కడ దొరుకుతాయంటారా? ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక చిన్న కొట్టుకి కూడా చరిత్ర ఉంది, బ్యాంకుకెళ్లి 2022 నుంచి స్టేట్‌మెంట్ తీసుకోండి, ఈ వారమే వెళ్లండి. కమర్షియల్ సిలిండర్ బిల్లులు, కరెంటు బిల్లులు, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, ఆహార లైసెన్సు, అద్దె ఒప్పందం, అప్పు పత్రం, మీ చేతిరాత పద్దు పుస్తకం. పద్దు పుస్తకంలో కొట్టివేతలు ఉన్నా సరే అలాగే ఇవ్వండి, ఇప్పుడు కూర్చుని కొత్తగా మాత్రం రాయకండి, అది ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ట్రిబ్యునల్ దక్షిణ భారత బెంచ్ మన చెన్నైలోనే, చేపాక్కం కలస్ మహల్‌లో ఉంది. పరిహారం అడిగే దరఖాస్తుకి ఫీజు అడిగిన మొత్తంలో ఒక శాతం, కనీసం వెయ్యి రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి ఫీజు లేదు. లాయరు ఖర్చుకి భయపడుతున్నారేమో, 1987 నాటి న్యాయసేవల చట్టంలో పారిశ్రామిక విపత్తు బాధితులు ఉచిత న్యాయసహాయానికి అర్హులని పేరు పెట్టి రాశారు. జిల్లా న్యాయసేవల సంస్థకి వెళ్లి ఆ మాటే చెప్పండి. నేనైతే ఒక్కరే వెళ్లొద్దంటాను. మీ వీధిలో ఐసు అమ్మేవాళ్లు, వలలు అమ్మేవాళ్లు, టీకొట్టు, ఎండుచేపల వ్యాపారి, అందరిదీ ఇదే బాధ అయి ఉంటుంది. సంఘం తరఫున కూడా దరఖాస్తు వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఎవరి లెక్క వాళ్లది జత చేస్తే సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మ తరఫున రాస్తున్నాను. కాసిమేడు వేలంలో చేప కొని తిరువొత్తియూర్ వీధుల్లో గంప మీద అమ్ముతుంది. అమ్మ అమ్మే చేప లోపలి సముద్రంలోది, ఎన్నూరు క్రీక్‌ది కాదు. అయినా ‘నూనె చేప’ అని వారాల తరబడి ఎవరూ కొనలేదు. బిల్లు ఒక్కటీ లేదు, అంతా చేతి డబ్బే. మాకు ఏమైనా దారి ఉందా? – ఒక కాలేజీ విద్యార్థిని

జవాబు: ఉందమ్మా, కానీ మెస్సు ఆయన దారి కంటే కష్టం, అది ముందే చెప్పాలి. మీ అమ్మగారి చేపకి నూనె తగల్లేదు, జనం భయం తగిలింది. ఆ భయానికి కూడా కారణం ఆ నూనే అని గట్టిగా వాదించొచ్చు, వాదించాలి కూడా. ఎదుటివాళ్లు మాత్రం అది దూరపు నష్టమంటారు. అందుకే మీ అమ్మగారు ఒక్కరే కాకుండా అదే వీధుల్లో అమ్మే ఆడవాళ్లందరూ కలిసి వెళ్తే బలం. ఒకరి బేరం పడిపోతే దానికి వెయ్యి కారణాలు వెతుకుతారు, అందరిదీ ఒకే వారంలో పడిపోతే కారణం వాళ్లకే కనిపిస్తుంది.

బిల్లు లేదని బెంగ వద్దు. ట్రిబ్యునల్ సాక్ష్యాల చట్టం నియమాలకి కట్టుబడి ఉండక్కర్లేదని దాని చట్టమే చెబుతోంది. అలాగని నోటిమాట చాలదు. ఆ నెలల్లో నగ కుదువ పెట్టారా? ఆ చీటీ మీద తేదీ ఉంటుంది. మహిళా సంఘంలో వాయిదా కట్టలేకపోతే ఆ పుస్తకంలో ఖాళీ కనిపిస్తుంది. వేలంలో అప్పుగా చేప ఇచ్చే ఆయన చిట్టా, ఐసు కొన్న లెక్క, గంప మోసుకొచ్చే ఆటో అతని వాంగ్మూలం, మీ ఫీజు ఆలస్యంగా కట్టిన రసీదు కూడా. మత్స్యకార మహిళా సహకార సంఘంలో సభ్యత్వం ఉంటే ఆ కార్డు అన్నిటికంటే ముందు పెట్టు, మీ అమ్మగారి వృత్తి ఇదేనని అది ఒక్కటే చెబుతుంది. నువ్వు చదువుకుంటున్నావు కాబట్టి ఒక ఆదివారం కూర్చుని అమ్మ చెప్పింది చెప్పినట్టు తేదీల వారీగా రాసి పెట్టు, మరిచిపోయేలోపే.

ప్రశ్న: అమెరికాలో బీపీ అనే చమురు కంపెనీ నూనె ప్రమాదం తర్వాత హోటళ్లకి, కొట్లకి కూడా పరిహారం ఇచ్చారని చదివాను. ఇక్కడ ఎందుకు అలా జరగదు? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పెరుంగుడి

జవాబు: నిజమే, ఇచ్చారు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్ పేలి 11 మంది చనిపోయారు, 87 రోజుల పాటు నూనె కారింది. అక్కడ 1990లో చేసిన చట్టం ఒకటి ఉంది, దాని ప్రకారం పాడైన సముద్రం, తీరం మీ సొంతం కాకపోయినా, వాటి మీద ఆధారపడిన మీ లాభం పోతే కంపెనీని అడగొచ్చు. బీపీ 2,000 కోట్ల డాలర్ల నిధి పెట్టడానికి ఒప్పుకుంది, కెన్నెత్ ఫైన్‌బర్గ్ అనే న్యాయవాది ఆధ్వర్యంలో ఆ ఆగస్టు నుంచి క్లెయిములు తీసుకున్నారు. తర్వాత 2012లో కోర్టు పర్యవేక్షణలో ఇంకో పరిష్కారం వచ్చింది. అందులో తీరాన్ని మండలాలుగా విడగొట్టి, నీటికి దగ్గరున్న మండలంలోని వ్యాపారానికి ‘నూనె వల్లే నష్టం’ అని విడిగా నిరూపించే పని తప్పించారు, దూరంగా ఉన్నవాళ్లు మాత్రం అమ్మకం పడిపోయి మళ్లీ లేచిందని నెలవారీ లెక్కలతో చూపించాలి. ఇలాంటి మండలాల పద్ధతి ఎన్నూరుకి ఉండి ఉంటే పైన రాసిన మెస్సు ఆయన ఈపాటికి అప్పు తీర్చేసేవారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అక్కడా అంతా బాగా జరగలేదు. ఫైన్‌బర్గ్ నిధిలో తొందరగా డబ్బు కావాలంటే ఒక దారి పెట్టారు. మనిషికి 5,000 డాలర్లు, వ్యాపారానికి 25,000 డాలర్లు, పెద్దగా కాగితాలు అడగరు, బదులుగా ఇక కోర్టుకి వెళ్లనని సంతకం పెట్టాలి. చేతిలో డబ్బు ఆడక చాలామంది పెట్టేశారు. ఇది మన వాళ్లకి చెప్పాల్సిన సంగతి: రేపు ఎవరైనా చెక్కుతో వచ్చి కాగితం మీద సంతకం అడిగితే, ‘ఇదే తుది పరిష్కారం’ అన్న మాట అందులో ఉందేమో చదివించుకుని గానీ పెట్టకండి. తమిళంలో ఉంటే తమిళం బాగా వచ్చినవాళ్లతో చదివించుకోండి.

ఇక్కడ ఎందుకు జరగదంటే, చట్టంలో హక్కు ఉంది, క్లెయిములు తీసుకునే కౌంటర్ లేదు. ప్రతి ఒక్కరూ ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సిందే. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైతే మర్నాడే ట్రిబ్యునల్ రూ.50 కోట్లు డిపాజిట్ చేయమంది, అంటే తల్చుకుంటే వేగంగా కదలగలదు. మన తమిళనాడులోనే వేలూరు వైపు తోళ్ల కర్మాగారాల కాలుష్యం మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక నష్టపోయిన రైతులకి లెక్క కట్టి ఇవ్వడానికి ప్రత్యేకంగా ఒక అథారిటీని ఏర్పాటు చేశారు. అలాంటిది ఎన్నూరుకీ కావాలని అడగడం అత్యాశ కాదు.

ప్రశ్న: వరదలో మా స్టేషనరీ కొట్టు మునిగింది. నేను కూడా ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చా? – వేలచ్చేరి

జవాబు: వాన నీళ్లే అయితే, ఫలానా పరిశ్రమ వల్ల అని చూపించలేకపోతే, ఆ దారి కష్టం. మీ దారి ఇన్సూరెన్స్. రూ.5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ ఉంది, అందులో తుఫాను, వరద నష్టం కవర్ అవుతుంది. అది సరుకుకీ సామానుకీ మాత్రమే, కొట్టు మూసిన రోజుల ఆదాయానికి విడిగా కవర్ అడిగి తీసుకోవాలి. ఏజెంటు తనంతట తాను చెప్పకపోవచ్చు, మీరే అడగండి, పాలసీ కాగితంలో ఆ మాట ఉందో లేదో చూసి డబ్బు కట్టండి.